పాతవి: సున్నా

బుధవారం పదిన్నరకు డ్రైవరు కంప్యూటర్ సెక్షన్ ముందుకు వచ్చి, తలుపు తోయాలో లాగాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాడు. డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళుగా బస్సు తోలుతున్నా ఆ గదికి రావడం ఆయనకదే మొదటిసారి. రోజూ తెల్లవారకముందే కదిలే మొదటి బస్సు ఆయనదే కాబట్టి డిపోలో అందరూ తొలిబండి అనేవారు. చిన్నవాళ్ళు తొలిబండి బాబాయ్ అనేవారు. మంగళవారం నాడు ఆ తొలిబండి టైముకి కదలలేదు.

ఐదూ పదికి వెళ్ళాల్సిన బస్సుకి ఆయన ఐదూ ఇరవైకి డిపోలో అడుగుపెట్టాడు. మెయిన్ స్టాపులో ఆసుపత్రి ఆయాలూ, మిల్లు కార్మికులూ పదకొండు మంది పావుగంట చూసి, షిఫ్టు దాటిపోతుందన్న భయంతో అటుగా పోతున్న ఇటుకల ట్రాలీ ఎక్కారు. మలుపులో అది తిరగబడింది. నలుగురికి దెబ్బలు తగిలాయి. ఒక ఆయాకి కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఇంత జరిగాక ఎవరో ఒకరి మెడకి చుట్టాలి కదా, ఆ మెడ దొరకడానికి గంట కూడా పట్టలేదు. ఆయన్ని డ్యూటీ నుంచి ఆపి, సోమవారం విచారణ అని కాగితం చేతిలో పెట్టారు.

“అమ్మాయ్, ఒక్కసారి చూసి పెట్టవా?” అన్నాడు ఆయన లోపలికి వచ్చి. “రెస్టు రూములో గోడకున్న టీవీలో ఐదూ యాభై అనే ఉంది. సోమవారం డ్యూటీ దిగాక చూసుకునే ఇంటికి వెళ్ళాను.”

ఆయన అమ్మాయ్ అన్నది సర్వర్లు చూసే ఆవిడని. ముప్పై నాలుగేళ్ళ మనిషి, నాలుగేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. డిపోలో ఆవిడని కంప్యూటరమ్మ అంటారు. ఏ ఫోను పాడైనా, ఏ ప్రింటరు మొరాయించినా విసుక్కోకుండా చేసిపెడుతుందని పేరు.

“సోమవారం పొద్దున్నే మార్చేశాం బాబాయ్. ఐదూ యాభై తీసేసి ఐదూ పది చేశాం. డ్రైవర్లందరికీ ఫోన్లకి కూడా వెళ్ళింది, స్టాపుల్లో బోర్డులూ మార్చారు.”

“నా ఫోనులో అవన్నీ రావు కదమ్మా. నేను టీవీయే చూస్తాను. నువ్వు మార్చింది ఆ టీవీలో కూడా మారిందా అని.”

“అన్నింటికీ ఒకటే సర్వరు బాబాయ్. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి చూపించదు.”

“నన్ను ఆ గదిలోకి వెళ్ళనివ్వడం లేదు. నిన్న డ్యూటీలు వేసే కంట్రోలరు బాబుని అడిగితే, నా కంప్యూటర్లో ఐదూ పదే ఉంది, అక్కడ చూసేదేముంది పో అన్నాడు. నువ్వు ఒక్కసారి వెళ్ళి చూస్తే...”

రెస్టు రూము ఆ గదికి రెండు నిమిషాల నడక. యార్డు దాటి, నీళ్ళ ట్యాంకు పక్కనుంచి వెళితే అదే. ఆవిడ లేవలేదు. సొరుగులోంచి అట్ట పుస్తకం తీసి, సోమవారం వరస ఆయన వైపు తిప్పి వేలు పెట్టింది. ‘8.31 కొత్తవి మొదలు. 8.41 పాతవి: సున్నా.’ పక్కన ఆవిడ సంతకం.

“ఇది రాసింది నేనే బాబాయ్. పాతది ఎక్కడా మిగల్లేదని అర్థం.”

ఆయన వంగి ఆ వరసని చాలాసేపు చూశాడు. సర్వరంటే ఏమిటో, పాతవంటే ఏమిటో ఆయనకి తెలియదు. సంతకమంటే మాత్రం తెలుసు.

“నువ్వు రాశావంటే నిజమే అయ్యుంటుంది,” అన్నాడు. “మరి నాకెలా కనబడిందో.”

“కళ్ళు ఎప్పుడైనా చూపించుకున్నారా? వయసు మీద పడ్డాక ఒకటి ఐదులా కనబడటం మామూలే.”

జాలితోనే అంది. ఆ జాలే కొంప ముంచుతుందని ఆ క్షణాన ఆవిడకి తెలియదు.

*

ఆ సున్నా సంగతి చెప్పాలి.

డ్యూటీల పట్టీ మారిన ప్రతి సోమవారం సర్వరులో నడుస్తున్న ప్రాసెస్‌లని, అంటే టైములు అందించే ప్రోగ్రాములని, ఆపి కొత్తవి మొదలుపెట్టాలి. ఒక్కో ప్రాసెస్ పుట్టగానే పట్టీని ఒకసారి చదివి జ్ఞాపకం పెట్టుకుంటుంది, మళ్ళీ చదవదు. అందుకని పాతవాటిని పంపించేస్తే తప్ప కొత్త పట్టీ రాదు. పంపించడంలో ఒక మర్యాద ఉంది. ఉన్నపళంగా పీక నొక్కకుండా, ఇక కొత్త పని తీసుకోవద్దు, చేతిలో ఉన్నది ముగించి వెళ్ళిపో అని చెబుతారు. బస్సు చివరి ట్రిప్పులో కొత్తవాళ్ళని ఎక్కించుకోకుండా, ఉన్నవాళ్ళని దించేసి డిపోకి వచ్చేయడం లాంటిదే. పది నిమిషాలయ్యాక ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, ఉంటే బలవంతంగా ఆపి, పుస్తకంలో రాయాలి.

నాలుగేళ్ళలో ఒక్క సోమవారం కూడా ఏదీ మిగల్లేదు. పైగా తొమ్మిదింటి మీటింగుకి పుస్తకం వెళ్ళాలి. ఇక లెక్కపెట్టడం దేనికి? నెల మొదటి రోజునే నాలుగు సోమవారాలకీ సున్నాలు వేసి సంతకాలు పెట్టేయడం ఆవిడకి ముందు పనిచేసినతను నేర్పిన పద్ధతి. ఆవిడ కంటే ముందు అతనికి ఇంకెవరో నేర్పే ఉంటారు. పుస్తకం ఎప్పుడూ శుభ్రంగా ఉండేది.

గురువారం మధ్యాహ్నం సెక్షన్ పెద్ద వచ్చి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాడు. మనిషి కంటే గోడ మీది గ్రాఫునే ఎక్కువ చూస్తాడని ఆయనకి గ్రాఫు సారని పేరు.

“ఏమ్మా, మెమరీ రోజురోజుకీ పైకే పోతోంది. సోమవారం పడాల్సింది పడలేదు. ఏదో తినేస్తోంది. చూడు.”

ఆవిడ ప్రాసెస్‌ల జాబితా తీసింది. తొమ్మిది ఉన్నాయి. ఎనిమిదే ఉండాలి. ఎప్పుడు పుట్టాయో చూపించే గడిలో ఎనిమిదింటికి మొన్నటి సోమవారం తేదీ ఉంది. తొమ్మిదోదానికి అంతకుముందు సోమవారం తేదీ ఉంది. అది వెళ్ళిపోమని చెప్పించుకుని కూడా వెళ్ళలేదు. మొరాయించి కూర్చుందనుకుంది మొదట. ఇంకాస్త లోతుగా చూస్తే దాని తప్పేమీ లేదు. దాని చేతిలో ఒక పని ఇంకా ముగియలేదు. ఎవరో ఒక్కరు, ఫోను పెట్టేయని మనిషిలా, తీగ పట్టుకుని వదలకుండా ఉన్నారు. ఆ ఒక్కరూ దిగేదాకా అది వెళ్ళదు. వెళ్ళకూడదు కూడా, అలా చెప్పి పంపారు మరి.

ఆ తీగకి అవతల ఎవరున్నారో అడ్రసు చూసింది. అంకెలు చూడగానే పోల్చుకుంది. ఆ అడ్రసు రెస్టు రూము టీవీకి తను ఇచ్చిందే. పది రోజుల క్రితం గ్రాఫు సారు ముచ్చటపడి ఆ టీవీ పేజీని మార్పించాడు. అంతకుముందు అది నిమిషానికోసారి సర్వరుని కొత్తగా అడిగేది. ఇప్పుడు ఒకసారి తీగ పట్టుకుంటే ఇక వదలదు, టైము మారితే సర్వరే చెబుతుందని ఎదురుచూస్తూ ఉంటుంది. చెప్పాల్సిన ఆ తొమ్మిదో ప్రాసెస్‌కేమో పాత పట్టీ తప్ప తెలియదు.

ఆవిడ లేచి యార్డు దాటింది. రెస్టు రూములో ఇద్దరు డ్రైవర్లు బెంచీల మీద నిద్రపోతున్నారు. ఇంకొకతను ఫోను చూసుకుంటున్నాడు. అందరి డ్యూటీలూ ఫోనులోనే ఉన్నాయి కాబట్టి ఎవరూ గోడ వైపు చూడటం లేదు. చూసినా తేడా తెలియదు, ఆ వారం పట్టీలో మారింది ఒక్క మొదటి బస్సు టైమే. టీవీలో రేపటి వరస మెల్లగా పైకి జరిగి వచ్చింది. మొదటి సర్వీసు, 5.50. అంకెలు జానెడు ఎత్తున ఉన్నాయి. గుమ్మం దగ్గర నుంచే చదవొచ్చు.

ఆవిడకి ఫోను తీసి ఫోటో తీయాలన్న ఆలోచన వచ్చింది. ఫోను తీసింది కూడా. బెంచీ మీదతను తలెత్తి, “ఏంటి కంప్యూటరమ్మా, ఇటొచ్చావు?” అనగానే, “ఏం లేదు తమ్ముడూ, టీవీ సరిగా వస్తోందా లేదా అని,” అని ఫోను లోపల పెట్టేసుకుంది.

తిరిగి వచ్చేసరికి గ్రాఫు సారు అక్కడే ఉన్నాడు.

“తెలిసిందా?”

“పాతదొకటి మిగిలిపోయింది సార్.”

“అంతేనా. చంపెయ్ మరి. చూస్తావేంటి ఇంకా?”

రెండు దారులున్నాయి. టీవీని ఒకసారి ఆపితే తీగ తెగుతుంది, ప్రాసెస్ తన పని ముగించుకుని తనంతట తనే పోతుంది. పోతూ, సర్వరు చేసిన పనులన్నీ నమోదయ్యే లాగ్‌లో ఒక వరస రాస్తుంది, ఫలానా తేదీన మొదలైన పని ఫలానా తేదీన ముగిసింది, ఫలానా టీవీకి, అని. రెండోది, బలవంతంగా చంపడం. ముగిసిన పనినే లాగ్ రాస్తుంది. మధ్యలో చచ్చినదాని గురించి ఒక్క ముక్క ఉండదు. ఇది ఆవిడకి తన పేరంత బాగా తెలుసు. తెలియక చేసిందని ఎవరైనా వెనకేసుకొస్తే ఆవిడే ఒప్పుకోదు.

ఆ క్షణంలో ఏం ఆలోచించిందీ అంటే, కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుందని, దాని మీద సంతకం వెనక నిలబడ్డ ఈ మనిషిదేనని, పుస్తకంలో నాలుగు సున్నాలున్నాయని, వాటిలో రెండు ఇంకా రాని సోమవారాలవని. వేళ్ళు అలవాటు కొద్దీ చంపమన్న ఆజ్ఞ కొట్టాయి. జాబితాలో ఎనిమిది మిగిలాయి. గ్రాఫు గీత కిందికి దిగింది.

“భేష్,” అన్నాడు గ్రాఫు సారు, వెళ్ళిపోతూ.

యార్డు అవతల టీవీ ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వెలిగి ఉంటుంది. ఇప్పుడందులో 5.10 ఉంటుంది. వెళ్ళి చూడాలనిపించలేదు ఆవిడకి.

*

ఆ సాయంత్రం తల్లి కంచం ముందు పెట్టి పేపరు మడత విప్పింది. ఇంట్లో ఆవిడా, తల్లీ, ఆరో క్లాసు చదివే కూతురూ, అంతే.

“మీ డిపో డ్రైవరు సంగతి వేశారు. ఆ కాలు పోయినామెకి ఇద్దరు పిల్లలట. టైముకి లేవలేనివాడికి ఉద్యోగం దేనికో.”

“ఆయన మంచివాడమ్మా.”

“మంచివాడైతే ఇంట్లో వాళ్ళకి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అంత నిద్ర మత్తున్నవాడు మొదటి బండి ఎందుకు ఒప్పుకోవాలి?”

“నిద్ర కాదమ్మా. టైము... వేరేగా చూశాడట.”

“చూసే కళ్ళు ఉండాలి మరి,” అని తల్లి పేపరు మడిచేసింది. కూతురు, “అమ్మా, అన్నం తినకుండా కెలుకుతున్నావు,” అంటే ఆవిడ రెండు ముద్దలు గబగబా మింగింది.

శుక్రవారం ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి తలుపు తేలిగ్గానే తోసుకొచ్చాడు. చేతిలో కంటి ఆసుపత్రి కాగితం ఉంది.

“నువ్వు చెప్పబట్టి వెళ్ళాను తల్లీ. కుడికంట్లో పొర మొదలైందట. ఇంకా లేతదే, అద్దాలక్కూడా తొందరేం లేదన్నాడు డాక్టరు. అయినా ఉంది కదా.”

ఆవిడ కాగితం తీసుకుని చదివింది. డాక్టరు ‘స్వల్పం’ అని రాసి కింద గీత కూడా గీశాడు. ఈ వయసులో ఎవరిని చూసినా అంత ఉంటుంది.

“మూడు రోజులుగా నాకు పిచ్చెక్కినట్టుంది,” అన్నాడు ఆయన కుర్చీ అంచున కూర్చుని. “టీవీలో చూశానంటాను, లేదంటారు. నాకు మతి పోయిందా, నేను అబద్ధం చెబుతున్నానా అని నన్ను నేనే అడుగుతున్నాను. మా ఆవిడ కూడా, పోనీ నిద్ర పట్టేసిందని చెప్పెయ్యండి అంది. ఇప్పుడు తెలిసింది కదా. నా చూపుది తప్పు. నిన్న ఆసుపత్రికి వెళ్ళి ఆ ఆయాతో కూడా చెప్పొచ్చాను. అమ్మా, నా కళ్ళు చేసిన పాపం ఇది అని.”

“ఏమంది?”

“ఏమంటుంది? గోడ వైపు తిరిగి పడుకుంది.”

ఆవిడకి తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో అప్పుడు తెలిసింది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు.

“బాబాయ్, ఆ టీవీ...”

“వద్దులే అమ్మా. ఇక ఆ టీవీ మాట ఎత్తను. దాన్ని అనడం సాకు వెతుక్కోవడమే. నువ్వు పుస్తకం తీసి చూపించావు చూడు, అప్పుడే నేను నోరు మూసుకోవాల్సింది.”

ఆయన వెళ్ళాక ఆవిడ తలుపు వేసి లాగ్‌లన్నీ తిరగేసింది. రెండు వారాల వరసలు, లక్షల్లో ఉన్నాయి. రెస్టు రూము టీవీ అడ్రసు పెట్టి వెతికితే అంతకుముందు సోమవారం నుంచి గురువారం మధ్యాహ్నం దాకా ఒక్కటి లేదు. ఉండదని తెలిసీ వెతికింది. శనివారం సెలవైనా వచ్చి వెతికింది. చివరికి దొరికింది ఒక్కటే, తను కొట్టిన ఆజ్ఞల చిట్టాలో గురువారం నాటి వరస. చంపమన్న మాట, పక్కన ఒక నంబరు. దాన్ని ప్రింటు తీసి నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. చేతులు కాలాక పట్టుకున్న ఆకు అది. ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ, ఏం చెప్పాలో వరసగా అనుకుని చూసుకుంది. రెండు వాక్యాలే అయ్యాయి. తల్లితో మాత్రం చెప్పలేదు.

*

సోమవారం పదకొండింటికి విచారణ. పొడుగు బల్లకి ఒక వైపు డిపో మేనేజరు, సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరమ్మ, గ్రాఫు సారు కూర్చున్నారు. ఎదురుగా ఆయన ఒక్కడే, ఇస్త్రీ చేసిన యూనిఫాంలో ఉన్నాడు. డ్యూటీ నుంచి ఆపినవాళ్ళు యూనిఫాం వేసుకోకూడదని ఆయనకెవరూ చెప్పలేదు. బల్ల మీద అట్ట పుస్తకం తెరిచి ఉంది. పుస్తకాన్ని పిలిచారు కాని, ఆవిడని పిలవలేదు. ఆవిడే తలుపు తట్టి లోపలికి వెళ్ళింది.

“సార్, నేనొక మాట చెప్పాలి.”

“ఇప్పుడా?” అన్నాడు గ్రాఫు సారు.

“ఆ టీవీలో ఐదూ యాభై అనే ఉంది సార్. గురువారం దాకా ఉంది. నేను వెళ్ళి చూశాను. పాత ప్రాసెస్ ఒకటి మిగిలిపోయి దానికి పాత టైమే పంపుతూ ఉంది. తొలిబండి బాబాయ్ చూసింది సరిగ్గానే చూశాడు.”

రెండు వాక్యాలనుకున్నది కాస్త ఎక్కువైంది. మేనేజరు పుస్తకాన్ని ఆవిడ వైపు తిప్పాడు, బుధవారం ఆవిడ డ్రైవరు వైపు తిప్పినట్టే.

“ఇక్కడ పాతవి సున్నా అని ఉంది. సంతకం ఎవరిది?”

“నాదే సార్. లెక్కపెట్టకుండా రాశాను. నెలంతా ముందే రాసేస్తాను.”

మేనేజరు పేజీ కింద ఇంకా రాని సోమవారం వరస చూసి గ్రాఫు సారు వైపు చూశాడు. గ్రాఫు సారు ముఖం పాలిపోయింది. ఆ పుస్తకం ప్రతి నెలా ఆయన సంతకంతోనే పైకి వెళుతుంది.

“ఆ మిగిలిపోయినది ఇప్పుడుందా? చూపించగలవా?”

“లేదు సార్. నేనే చంపేశాను.”

“లాగ్?”

“రాదు సార్, బలవంతంగా చంపితే. ఇదొక్కటే ఉంది.” పర్సులోంచి కాగితం తీసి మడతలు విప్పింది.

మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇదొక నంబరు. ఇది ఆ టీవీదేనని ఎక్కడుంది?” కాగితం బల్ల మీద పెట్టాడు. “అమ్మా, పుస్తకం అబద్ధం, నువ్వు చెప్పేది నిజం అంటున్నావు. రెండూ నీవే. నేను దేన్ని నమ్మాలి?”

“సార్,” అన్నాడు డ్రైవరు.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు.

“ఆ అమ్మాయి మాట రాసుకోకండి సార్. నా మీద జాలితో చెబుతోంది. బుధవారం నేనే వెళ్ళి అడిగాను. టీవీలో తప్పు రాదు బాబాయ్ అని పుస్తకం తీసి చూపించింది. అప్పుడు అబద్ధం చెప్పాల్సిన పని ఆమెకేముంది? కళ్ళు చూపించుకోమన్నదీ ఆమే. చూపించుకున్నాను. పొర ఉంది. కాగితం మీ దగ్గరే ఉంది.”

“బాబాయ్, నేను నా కళ్ళతో చూశాను,” అంది ఆవిడ. “బుధవారం చూడకుండా చెప్పాను. గురువారం చూశాను. శుక్రవారం మీరొచ్చినప్పుడు కూడా తెలుసు నాకు.”

“చాలు తల్లీ.” ఆయన గొంతు మెత్తబడింది. “ఇంట్లో చిన్నపిల్ల ఉంది నీకు. ముసలాడి కోసం నువ్వు మునిగిపోతే నాకు నిద్ర పడుతుందా? ఇలాంటి అబద్ధం ఇంకెక్కడా చెప్పకు.”

“అబద్ధం కాదు బాబాయ్.” ఆవిడకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూసి బల్ల అవతల ముగ్గురూ కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. జాలిగుండె మనిషి, అంతేనన్నమాట.

గ్రాఫు సారు గొంతు సవరించుకున్నాడు. “మంచి పిల్ల సార్. కాస్త మెత్తన. పుస్తకం సంగతి నేను చూసుకుంటాను.”

మేనేజరు కాసేపు పెన్నుతో బల్ల మీద తట్టి, ఆఫీసరమ్మ చెవిలో ఏదో అన్నాడు. ఆమె పక్కగదిలోకి వెళ్ళి టైపు కొట్టించిన కాగితంతో వచ్చింది. నిర్లక్ష్యం అన్న మాట తీసేశారు. కంటిచూపు లోపం వల్ల బస్సు నడపడానికి శాశ్వతంగా పనికిరాడని, తన ఇష్టపూర్వకంగా ఒప్పుకుని ఉద్యోగం నుంచి తప్పుకుంటున్నాడని రాశారు. ఆయనకి ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. ఆ మూడేళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. డిస్మిస్ కాకుండా బయటపడ్డందుకు చేతులు జోడించాడు.

“ఎక్కడ పెట్టాలమ్మా సంతకం?” అని ఆవిడనే అడిగాడు. “ఈమధ్య నా చూపు మీద నాకు నమ్మకం పోయింది.”

ఆవిడ కదల్లేదు. ఆయన అలాగే పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. అందరూ ఎదురుచూశారు. చివరికి ఆవిడే వంగి, చుక్కల గీత చివర వేలు పెట్టింది.

ఆయన కాగితాన్ని చెయ్యి చాచినంత దూరాన పట్టుకుని చూశాడు. పెన్ను ఆనించబోయి ఆగాడు.

“మేడమ్, పైన తేదీలో చిన్న పొరపాటు పడినట్టుంది,” అన్నాడు. “ప్రమాదం జరిగింది పదకొండో తారీఖు కదా. పదిహేడని కొట్టారు.”

ఆఫీసరమ్మ కాగితం తీసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని, దగ్గరగా పెట్టుకుని చూసింది. “అవును, పదిహేడే పడింది. నేను చూసుకోలేదు,” అని పెన్నుతో ఏడుని ఒకటిగా దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టి, కాగితం మళ్ళీ ఆయన ముందుకు జరిపింది. ఆయన సంతకం చేశాడు.